మాత్రను ఎంత గట్టిగా నొక్కాలి? పీడనం, ద్రావణీయత, మధ్యలో ఖాళీలు

ఒక మామూలు పారాసెటమాల్ మాత్ర మీద మనం పెట్టే రెండు షరతులూ ఒకదానితో ఒకటి పొసగనివి. కోటింగ్ పాన్‌లో దొర్లినా, లారీలో వందల కిలోమీటర్లు కుదుపులు తిన్నా, చివరికి బొటనవేలితో స్ట్రిప్పు రేకు చించుకుని బయటికి నెట్టినా అది అంచు చెదరకుండా నిలవాలి. అదే మాత్ర కడుపులోకి చేరిన కొద్ది నిమిషాల్లో, ఎవరూ నమలకుండానే, తనంతట తాను పొడిగా విడిపోయి నీటిలో కరిగిపోవాలి. మొదటి షరతు నెరవేరడానికి పొడిని గట్టిగా నొక్కాలి. అలా నొక్కిన కొద్దీ రెండోది నెరవేరదేమోనన్న భయం పెరుగుతుంది.

ఈ భయం నుంచే "గట్టిగా నొక్కితే మందు కరగదు" అనే మాట ఫార్మసీ విద్యార్థుల్లోనూ ప్రొడక్షన్ విభాగాల్లోనూ స్థిరపడిపోయింది. అందులో సగం నిజం ఉంది, మిగతా సగం తికమక పెడుతుంది. మందుకు ఉండే ద్రావణీయతను యంత్రం సాధారణంగా మార్చదు. యంత్రం మార్చేది మాత్ర లోపల మిగిలే ఖాళీల పరిమాణాన్ని, వాటి ఆకారాన్ని, వాటి గోడల స్వభావాన్ని. మాత్ర బలం ఎంతో, దానిలోకి నీరు ఎంత వేగంగా దూరుతుందో నిర్ణయించేవి ఆ ఖాళీలే.

కరగగలగడం వేరు, త్వరగా కరగడం వేరు

ద్రావణీయత అంటే, ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత దగ్గర, ఎంత సేపు ఉంచినా ఇంకేమాత్రం కరగని స్థితి వచ్చేసరికి ఆ ద్రవంలో ఉండే పదార్థం మోతాదు. స్ఫటికంలో అణువులు ఒకదాన్నొకటి ఎంత బలంగా పట్టుకుని ఉన్నాయి, నీటి అణువులు వాటిని ఎంత ఇష్టంగా చుట్టుముడతాయి అనే రెండు శక్తుల మధ్య తేలే లెక్క ఇది. పారాసెటమాల్ 25 డిగ్రీల దగ్గర మిల్లీలీటరు నీటిలో సుమారు 14 మిల్లీగ్రాములు కరుగుతుంది. ఒక గ్లాసు నీరు, అంటే 250 మిల్లీలీటర్లు, మూడు గ్రాములకు పైగా పారాసెటమాల్‌ను ఇముడ్చుకోగలదు కాబట్టి 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్రకు ద్రావణీయత వల్ల వచ్చే ఇబ్బందేమీ లేదు.

ఈ 250 మిల్లీలీటర్ల కొలత నేను ఉదాహరణ కోసం ఎంచుకున్నది కాదు. గార్డన్ అమిడాన్, ఆయన సహచరులు 1995లో ప్రతిపాదించిన బయోఫార్మాస్యూటికల్ వర్గీకరణలో వాడేది ఇదే. మాత్రలో ఉండే అత్యధిక మోతాదు మొత్తం, కడుపు నుంచి చిన్నపేగు వరకు ఎదురయ్యే పీహెచ్ పరిధి అంతటా, ఆ గ్లాసెడు ద్రవంలో కరిగిపోతే ఆ మందును అధిక ద్రావణీయత గలదిగా లెక్కిస్తారు. పేగు గోడను ఎంత సులువుగా దాటుతుందనే రెండో ప్రశ్నను దీనికి జోడించి మందులను నాలుగు తరగతులుగా విడగొట్టారు.

ఐబూప్రొఫెన్‌ను ఇదే కొలతతో చూస్తే కథ మారిపోతుంది. 400 మిల్లీగ్రాములు గ్లాసు నీటిలో కరగాలంటే మిల్లీలీటరుకు 1.6 మిల్లీగ్రాములు కరగాలి. కడుపులోని ఆమ్లంలో అది 0.1 మిల్లీగ్రాము కూడా కరగదు. ఐబూప్రొఫెన్ బలహీనమైన ఆమ్లం, దాని పీకేఏ విలువ, అంటే సగం అణువులు అయాన్లుగా మారే పీహెచ్, సుమారు 4.5. ఆ విలువను దాటి పీహెచ్ ఒక్కో అంకె పెరిగినప్పుడల్లా అయాన్లుగా మారిన అణువులకూ మారనివాటికీ మధ్య నిష్పత్తి పదింతలవుతుంది. అందుకే కడుపులో మొరాయించిన మందు చిన్నపేగులోకి దిగగానే దారికొస్తుంది. అణువు రసాయన స్వభావం వల్ల వచ్చే ఈ తేడాను పంచ్ (పొడిని నొక్కే ఉక్కు కడ్డీ) మీద ఎంత బలం పెట్టినా, ఎంత తగ్గించినా మార్చలేం.

ఇక రెండో విషయం వేగం. 1897లో ఆర్థర్ నోయెస్, విల్లిస్ విట్నీ అనే ఇద్దరు అమెరికన్ రసాయన శాస్త్రవేత్తలు బెంజోయిక్ ఆమ్లం, లెడ్ క్లోరైడ్ కడ్డీలను నీటిలో తిప్పుతూ, అవి కరిగే వేగాన్ని కొలిచారు. సంతృప్త ద్రావణం గాఢతకూ, ఆ క్షణంలో ద్రవంలో ఉన్న గాఢతకూ మధ్య ఎంత తేడా ఉంటే అంత వేగంగా పదార్థం కరుగుతుందని తేల్చారు. ఉపరితల వైశాల్యం, ఘనపదార్థాన్ని అంటిపెట్టుకుని కదలకుండా ఉండే పలుచని ద్రవపు పొర మందం, ఆ పొర గుండా అణువులు వ్యాపించే వేగం ఈ సూత్రంలోకి 1904 నాటికి నెర్న్‌స్ట్, బ్రన్నర్‌ల కృషితో వచ్చి చేరాయి. ఈ సమీకరణంలో ద్రావణీయత ఒక్క పదం మాత్రమే. మాత్రను తయారుచేసేవారి చేతిలో ఎక్కువగా ఉండేది వైశాల్యం.

ఆ వైశాల్యం ఎంత పెద్ద విషయమో ఒక లెక్క వేసి చూద్దాం. 12 మిల్లీమీటర్ల వ్యాసం, 4.4 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి చదును మాత్ర బయటి వైశాల్యం మొత్తం కలిపితే సుమారు 4 చదరపు సెంటీమీటర్లు. అందులోని 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ 50 మైక్రాన్ల గుండ్రటి రేణువులుగా విడిపోతే వాటి మొత్తం ఉపరితలం 460 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. అంటే మాత్ర విడిపోకుండా బయటి నుంచి అరిగిపోతూ కరగడానికీ, ముందుగా రేణువులుగా విడిపోయి కరగడానికీ మధ్య వైశాల్యంలోనే నూరు రెట్లకు పైగా తేడా ఉంది. గట్టిదనం గురించిన భయానికి అసలు కారణం ఇక్కడుంది. మందు కరగలేక కాదు, నీటికి మందు కనబడక ఆలస్యమవుతుంది.

డై లోపల మిల్లీసెకన్లు

పొడిని అచ్చులో నొక్కి మాత్ర చేయవచ్చన్న ఆలోచనకు 1843లో ఇంగ్లండ్‌లో విలియం బ్రోకెడన్ అనే చిత్రకారుడు పేటెంటు తీసుకున్నాడు. మంచి పెన్సిళ్ళ కోసం గ్రాఫైట్ పొడిని జిగురు లేకుండా గట్టి దిమ్మలుగా నొక్కడం ఆయన ఉద్దేశాల్లో ఒకటి. మందు బిళ్ళలు కూడా అదే పేటెంటులో ఉన్నాయి. జిగురు లేకుండా, కేవలం పీడనంతో పొడి ఎందుకు అతుక్కుంటుందన్న ప్రశ్న మాత్రం చాలా కాలం అలాగే ఉండిపోయింది.

నేటి రోటరీ యంత్రంలో గుండ్రంగా తిరిగే టర్రెట్ అంచు వెంబడి డైలు (పొడిని నింపే అచ్చులు) బిగించి ఉంటాయి, ఒక్కో డైకి పైన ఒక పంచ్, కింద ఒక పంచ్ ఉంటాయి. పొడిని పోసే హాపర్ నుంచి ఫీడ్ ఫ్రేమ్‌లోకి దిగిన గ్రాన్యూల్స్ (చిన్న గుళికలుగా చేసిన పొడి) డైని నింపుతాయి, కింది పంచ్ కాస్త పైకి లేచి అదనపు పొడిని నెట్టేస్తుంది, ఆ తర్వాత పంచ్‌ల తలలు రెండూ పెద్ద రోలర్ల మధ్య నుంచి వెళ్ళే క్షణంలో అసలు నొక్కుడు జరుగుతుంది. 10 మిల్లీమీటర్ల వ్యాసం గల మాత్ర మీద 10 కిలోన్యూటన్ల బలం, అంటే దాదాపు ఒక టన్ను బరువు పడితే పీడనం 127 మెగాపాస్కల్స్ అవుతుంది. వాతావరణ పీడనానికి ఇది 1,250 రెట్లు. టర్రెట్ మీద పంచ్‌లు తిరిగే వృత్తం వ్యాసం 400 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 60 చుట్లు అనుకుంటే పంచ్ సెకనుకు 1.25 మీటర్ల వేగంతో కదులుతుంది. పంచ్ తల మీద చదునుగా ఉండే 13 మిల్లీమీటర్ల భాగం రోలర్ కింద నుంచి దాటడానికి పట్టే సమయం సెకనులో నూరో వంతు. గరిష్ఠ పీడనం నిలిచేది అంతసేపే. పరిశ్రమలో దీన్ని డ్వెల్ టైమ్ అంటారు, వేగం పెంచిన కొద్దీ ఇది తగ్గిపోతుంది.

ఆ స్వల్ప వ్యవధిలో పొడికి జరిగేది ఒక్క మార్పు కాదు. మొదట రేణువులు ఒకదాని మీంచి ఒకటి జారి ఖాళీల్లో సర్దుకుంటాయి, వాటి మధ్య గాలి బయటికి దారి వెతుక్కుంటుంది. ఇంకా సర్దుకునే చోటు లేనప్పుడు రేణువులే ఆకారం మార్చుకోక తప్పదు. తొలుత అవి సాగేగుణంతో లొంగుతాయి, పీడనం తీసేస్తే తిరిగి మునుపటి ఆకారానికి వచ్చేస్తాయి. ఒక హద్దు దాటాక పదార్థాన్ని బట్టి దారులు వేరవుతాయి. మాత్రలో మందుకు తోడుగా కలిపే వాటిలో మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ వంటివి ప్లాస్టిక్‌గా ప్రవహించి, పక్క రేణువు ఒంపుల్లోకి ఒదిగి, ఇక వెనక్కి రావు. డైకాల్షియం ఫాస్ఫేట్ పెళుసుగా పగిలి కొత్త ముక్కలవుతుంది, లాక్టోజ్ కూడా చాలావరకు అలాంటిదే. స్టార్చ్ వంటివి సాగేగుణాన్ని ఎక్కువగా నిలుపుకుంటాయి.

అతుక్కోవడానికి కారణం సామీప్యం. అణువుల మధ్య పనిచేసే వాండర్‌వాల్స్ ఆకర్షణలు కొద్ది నానోమీటర్ల దూరంలోనే గట్టిగా ఉంటాయి. కంటికి నున్నగా కనిపించే రేణువు కూడా ఆ స్థాయిలో ఎగుడుదిగుడుగానే ఉంటుంది కాబట్టి, మామూలుగా పక్కపక్కన పడి ఉన్న రెండు రేణువులు నిజంగా తాకేది కొన్ని మొనల దగ్గరే. ప్లాస్టిక్‌గా ప్రవహించడం వల్లనైనా, పగిలి కొత్త ముఖాలు బయటపడడం వల్లనైనా, నిజంగా తాకే వైశాల్యం పెరిగినప్పుడే మాత్రకు బలం వస్తుంది. పంచ్ చేసే పని ఆ వైశాల్యాన్ని సంపాదించి పెట్టడం.

1961లో హెకెల్ అనే పరిశోధకుడు లోహపు పొడుల మీద చేసిన కొలతలు మాత్రల శాస్త్రానికి బాగా అక్కరకొచ్చాయి. పీడనం పెరిగే కొద్దీ, ఖాళీల పాలు విలోమానికి లాగరిథమ్ విలువ చాలా మేరకు సరళరేఖలో పెరుగుతుందని ఆయన చూపించాడు. ఆ రేఖ వాలు నుంచి పదార్థం ఎంత పీడనానికి లొంగుతుందో అంచనా వేస్తారు. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్‌కు ఈ పీడనం తక్కువ, డైకాల్షియం ఫాస్ఫేట్‌కు దానికి కొన్ని రెట్లు. ఈ సమీకరణాన్ని విద్యార్థులు కంఠస్థం చేసి వదిలేస్తారు గానీ, వేగాన్ని మార్చి రెండుసార్లు కొలిస్తే పదార్థం గుట్టు ఎంతో తెలుస్తుంది. వేగంగా నొక్కినప్పుడు లొంగే పీడనం బాగా పెరిగితే, ఆ పదార్థం ప్రవహించడానికి సమయం అడుగుతోందని అర్థం. పగిలే పదార్థాలకు ఆ పట్టింపు తక్కువ. ప్రయోగశాలలో నెమ్మదిగా నడిచే చిన్న యంత్రం మీద చక్కగా వచ్చిన మాత్ర, ఫ్యాక్టరీలో పెద్ద యంత్రం ఎక్కగానే చెడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

టోపీ ఊడిపోయే మాత్ర

నొక్కడం కంటే వదలడంలో ప్రమాదం ఎక్కువ. పైపంచ్ లేవగానే మాత్ర నిలువునా కొద్దిగా సాగుతుంది. డై గోడలు మాత్రం పక్కల నుంచి ఇంకా బిగపట్టే ఉంటాయి. కింది పంచ్ దాన్ని పైకి తోస్తున్నప్పుడు, డై అంచు దాటి బయటపడిన పైభాగం పక్కలకు వ్యాకోచిస్తుంది, లోపల ఉన్న కిందిభాగం ఇంకా బందీగానే ఉంటుంది. సరిగ్గా ఆ అంచు దగ్గర ఏర్పడే కోత ఒత్తిడిని రేణువుల మధ్య బంధాలు తట్టుకోలేకపోతే, మాత్ర పైభాగం టోపీలా ఊడి వస్తుంది. షాప్ ఫ్లోర్ మీద క్యాపింగ్ అనేది దీన్నే. పొడిలో చిక్కుకుపోయిన గాలి ఈ పగుళ్ళకు తోడవుతుంది.

పారాసెటమాల్ ఈ విషయంలో పేరుమోసిన మొండిది, ఆ మొండితనం దాని స్ఫటికంలోనే ఉంది. మామూలుగా దొరికే మొదటి రూపంలో అణువులు హైడ్రోజన్ బంధాలతో మెలికలు తిరిగిన పొరలుగా అల్లుకుని ఉంటాయి. ఆ మెలికలు ఒకదానిలో ఒకటి చిక్కుకోవడం వల్ల పొరలు జారవు, కాబట్టి స్ఫటికం ప్లాస్టిక్‌గా ప్రవహించలేక సాగి వెనక్కి వస్తుంది, లేదా పగులుతుంది. రెండో రూపంలో అవే అణువులు చదునైన పొరలుగా ఉంటాయి, పేకముక్కల కట్టలా ఒకదాని మీద ఒకటి జారగలవు. దాన్ని అలాగే నొక్కినా మంచి మాత్ర వస్తుంది. అయితే అది తక్కువ స్థిరత్వం గల రూపం. పెద్ద ఎత్తున స్వచ్ఛంగా తయారుచేయడమూ, మొదటి రూపంలోకి మారిపోకుండా కాపాడడమూ కష్టం.

అందుకే పరిశ్రమ మరో దారి పట్టింది. పారాసెటమాల్ పొడిని పోవిడోన్ లేదా స్టార్చ్ పేస్ట్ వంటి బైండర్‌తో (అతికించే పదార్థంతో) తడిపి, గ్రాన్యూల్స్‌గా చేసి, ఆరబెట్టి, జల్లించి, ఆ తర్వాతే నొక్కుతారు. మొండి స్ఫటికాల చుట్టూ లొంగే పాలిమర్ పలుచని పొరగా పరుచుకుంటుంది, నొక్కినప్పుడు ప్రవహించి అతుక్కునేది ఆ పొరే. ఆరబెట్టడం అతిగా జరిగితే పాలిమర్ బిరుసెక్కి మళ్ళీ క్యాపింగ్ మొదలవుతుంది కాబట్టి, గ్రాన్యూల్స్‌లో కొద్దిపాటి తేమను కావాలనే ఉంచుతారు. నేరుగా యంత్రంలో పోసి నొక్కడానికి సిద్ధంగా ఉండే పారాసెటమాల్ గ్రాన్యూల్స్‌ను తయారుచేసి అమ్మడం ఒక వ్యాపారంగా ఎదగడానికి మూలం ఈ స్ఫటికం మొండితనమే. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గ్రాన్యూల్స్ ఇండియా ఆ రంగంలో పేరున్న సంస్థ.

క్యాపింగ్ కనబడగానే చాలామంది చేసే పని పీడనం పెంచడం. మాత్ర విరుగుతోంది కాబట్టి ఇంకాస్త గట్టిగా నొక్కాలన్న తర్కం సహజంగానే తోస్తుంది. కానీ సాగే పదార్థం మీద పీడనం పెంచితే వెనక్కి సాగే శక్తి కూడా పెరుగుతుంది, టోపీలు ఇంకా ఎక్కువగా ఊడతాయి. చేయాల్సింది వేగం తగ్గించి డ్వెల్ టైమ్ పెంచడం, అసలు నొక్కుడుకు ముందు ప్రీకంప్రెషన్ రోలర్‌తో గాలిని బయటికి పంపడం, పై అంచు కొద్దిగా వెడల్పుగా ఉండే డైలు వాడడం, అప్పటికీ లొంగకపోతే గ్రాన్యులేషన్ దశకు వెనక్కి వెళ్ళడం. సమస్య బయటపడింది యంత్రం దగ్గరే అయినా, దాని వేరు తరచుగా రెండు గదుల అవతల డ్రయర్‌లో ఉంటుంది.

హార్డ్‌నెస్ అంకె చెప్పనిది

మాత్రను రెండు దవడల మధ్య పెట్టి విరగ్గొట్టడానికి ఎంత బలం పట్టిందో చూడడాన్ని హార్డ్‌నెస్ పరీక్ష అంటారు. ఆ అంకెను ఉన్నదున్నట్టుగా తీసుకుని వేరువేరు సైజుల మాత్రలను పోల్చడం తప్పు. 1970లో ఫెల్, న్యూటన్ అనే పరిశోధకులు చూపించినట్టు, గుండ్రటి చదును మాత్ర అడ్డంగా రెండుగా చీలినప్పుడు దాని తన్యబలం (లాగి చీల్చే ఒత్తిడిని తట్టుకునే బలం) ఎంతంటే, విరిచిన బలానికి రెండింతలను పై (π), వ్యాసం, మందం అనే మూడింటి లబ్ధంతో భాగించగా వచ్చినంత. పైన చెప్పిన 12 మిల్లీమీటర్ల మాత్ర 100 న్యూటన్ల దగ్గర విరిగితే తన్యబలం 1.2 మెగాపాస్కల్స్. 8 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న మాత్ర 80 న్యూటన్లకే విరిగినా దాని తన్యబలం 2.1 మెగాపాస్కల్స్. తక్కువ అంకె చూపిన చిన్న మాత్రే ఎక్కువ బిగువుగా ఉంది, ఖాళీలు తక్కువై నీటికి దారి మూసుకుపోయే ప్రమాదమూ దానికే ఎక్కువ.

ఖాళీల లెక్క కూడా కష్టమేమీ కాదు. ఆ 12 మిల్లీమీటర్ల మాత్ర బరువు 600 మిల్లీగ్రాములు అనుకుంటే, ఘనపరిమాణం సుమారు అర ఘన సెంటీమీటరు కాబట్టి సాంద్రత 1.2. ఏ ఖాళీలూ లేని అసలు పదార్థం సాంద్రత 1.36 అయితే, మాత్రలో 11 శాతం గాలి. ఖాళీలు పెరిగే కొద్దీ బలం సరళరేఖలో కాక ఘాతీయంగా పడిపోతుంది. 11 శాతం నుంచి 16 శాతానికి వెళితే చూడడానికి చిన్న తేడాయే గానీ, మాత్ర అరుగుదలను పరీక్షించే ఫ్రయబిలిటీ డ్రమ్ములో నిమిషానికి 25 చుట్ల చొప్పున నూరు చుట్లు దొర్లి, ప్రతి చుట్టుకూ కిందపడి, ఒక శాతం లోపు అరుగుదలతో బయటపడుతుందా లేదా అనేది తేలిపోయేది ఆ తేడాలోనే. యంత్రం దగ్గర ఉండే రికార్డుల్లో హార్డ్‌నెస్‌తో పాటు ఈ ఖాళీల శాతాన్ని కూడా రాసే అలవాటు వస్తే చాలా వివాదాలు ముందే తీరిపోతాయని నా నమ్మకం. బరువు, మందం, వ్యాసం ఎలాగూ కొలుస్తున్నారు, మిగిలింది ఒక భాగహారమే.

నీరు లోపలికి వెళ్ళే దారి

ఇప్పుడు అదే మాత్రను నీటిలో వేశాం. నీరు ఖాళీల్లోకి దూరడం కేశనాళికీయ చర్య. 1921లో వాష్‌బర్న్ ఇచ్చిన సమీకరణం ప్రకారం, నీరు చొచ్చుకుపోయిన దూరం వర్గం ఖాళీ వ్యాసార్థానికీ, తలతన్యతకూ, స్పర్శకోణం కొసైన్‌కూ, గడిచిన కాలానికీ అనులోమంగానూ, ద్రవం స్నిగ్ధతకు విలోమంగానూ ఉంటుంది. పీడనం పెంచితే ఖాళీ వ్యాసార్థం తగ్గుతుంది, నీరు నెమ్మదిస్తుంది. ఇక్కడే మన సగం నిజం ఉంది. కానీ సమీకరణంలో స్పర్శకోణం కూడా ఉందని మరవకూడదు. అది 90 డిగ్రీలకు చేరితే ఖాళీ ఎంత పెద్దదైనా నీరు తనంతట తాను లోపలికి పోదు.

ఆ కోణాన్ని చెడగొట్టేది మెగ్నీషియం స్టియరేట్. డై గోడకూ మాత్రకూ మధ్య రాపిడి తగ్గడానికి దాన్ని సాధారణంగా అర శాతం, ఒక శాతం మోతాదులో చివర్లో కలుపుతారు. అది లేకపోతే మాత్ర డైలోనే బిగుసుకుపోతుంది. అయితే అది నీటిని తిప్పికొట్టే కొవ్వు స్వభావం గల పొడి, పలుచని రేకులుగా విడిపోయి రేణువులను కప్పేస్తుంది. బ్లెండర్‌లో కలిపే సమయం అనుకున్నదానికంటే పెరిగితే ఆ కప్పు నిండుగా పరుచుకుంటుంది. అప్పుడు రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి: రేణువుల శుభ్రమైన ముఖాలు ఒకదాన్నొకటి తాకలేక మాత్ర మెత్తబడుతుంది, నీరు లోపలికి పోలేక కరగడం ఆలస్యమవుతుంది. మెత్తగా ఉన్న మాత్ర కూడా ఆలస్యంగా కరగడం "గట్టిగా నొక్కితే కరగదు" అనే సూత్రానికి సరిపోదు. డిజల్యూషన్ (కరిగే పరీక్ష) ఫెయిలయిన బ్యాచ్‌లో హార్డ్‌నెస్ తక్కువగా ఉందంటే ముందుగా చూడాల్సింది లూబ్రికేషన్ సమయాన్నే, అంటే మెగ్నీషియం స్టియరేట్‌ను ఎంతసేపు కలిపారన్నదాన్నే.

నీరు లోపలికి చేరాక అసలు విడగొట్టే పని క్రాస్‌కార్మెలోజ్ సోడియం, క్రాస్‌పోవిడోన్, సోడియం స్టార్చ్ గ్లైకోలేట్ వంటి సూపర్ డిసింటిగ్రెంట్‌లది. ఇవి నీరు తగలగానే ఉబ్బుతాయి, లేదా నొక్కుడులో పోగొట్టుకున్న ఆకారాన్ని తిరిగి పొందుతూ పక్క రేణువులను నెడతాయి. ఈ నెట్టుడు పనిచేయాలంటే వాటికి ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. మాత్ర మరీ వదులుగా ఉంటే డిసింటిగ్రెంట్ ఖాళీల్లోకి ఉబ్బి ఊరుకుంటుంది, మరీ బిగువుగా ఉంటే నీరే దాని దగ్గరికి చేరదు. మధ్యలో ఎక్కడో, పీడనం కొంచెం పెంచితే మాత్ర ఇంకా త్వరగా విడిపోయే మండలం ఒకటి ఉంటుంది. పెళుసు స్ఫటికాల విషయంలో మరో మెలిక ఉంది. పీడనానికి అవి పగిలి కొత్త ఉపరితలం ఏర్పడితే, ఒక స్థాయి వరకు కరిగే వేగం తగ్గకుండా పెరగవచ్చు. కాబట్టి పీడనానికీ కరిగే వేగానికీ మధ్య గీసే రేఖ అన్ని మాత్రలకూ ఒకేలా కిందికి దిగదు. అది లేచి పడవచ్చు, పడి లేచి పడవచ్చు, కొంత దూరం చదునుగా సాగవచ్చు. ప్రతి ఫార్ములేషన్‌కూ విడిగా గీసుకోవాల్సిందే.

విడిపోవడం చూసే పరీక్ష, కరగడం చూసే పరీక్ష వేరువేరుగా ఉండడానికి కారణం కూడా ఇదే. కోటింగ్ లేని మాత్ర 37 డిగ్రీల నీటిలో 15 నిమిషాల్లో జల్లెడ దాటాలన్నది మన ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) నియమం. అయితే ముక్కలు జల్లెడ దాటాయంటే మందు కరిగిందని కాదు. దానికోసం విడిగా, ఉదాహరణకు అమెరికా ఫార్మకోపియాలో పారాసెటమాల్ మాత్రను 5.8 పీహెచ్ గల 900 మిల్లీలీటర్ల బఫర్‌లో (పీహెచ్ నిలకడగా ఉండే ద్రావణంలో) వేసి, నిమిషానికి 50 చుట్లు తిరిగే ప్యాడిల్‌తో (తెడ్డుతో) కలుపుతూ, 30 నిమిషాల్లో 80 శాతం ద్రావణంలోకి వచ్చిందా అని కొలుస్తారు.

రోగి ఒంట్లో తేలిన తేడాలు

ఈ జాగ్రత్తలన్నీ కాగితం మీద పుట్టలేదు. 1968 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో మూర్ఛ వ్యాధికి ఫెనిటోయిన్ వాడుతున్న రోగుల్లో ఉన్నట్టుండి విషలక్షణాలు కనిపించాయి. మోతాదు మారలేదు, మందు మారలేదు. క్యాప్సూల్‌లో నింపుడు పదార్థంగా ఉన్న కాల్షియం సల్ఫేట్ స్థానంలో లాక్టోజ్ వాడడంతో మందు ఎక్కువగా రక్తంలోకి చేరింది. 1971లో అమెరికాలో జాన్ లిండెన్‌బామ్ బృందం గుండెజబ్బుకు వాడే డిగాక్సిన్ మాత్రలను పోల్చి చూసి, ఒకే మోతాదు ముద్రించి ఉన్న వేరువేరు తయారీల మధ్య రక్తంలో మందు స్థాయి ఏడు రెట్ల వరకు తేడా చూపుతోందని ప్రకటించింది. డిగాక్సిన్ మోతాదు మిల్లీగ్రాములో పావు వంతు. పని చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. తక్కువగా కరిగే మాత్రకు అలవాటుపడ్డ రోగి మంచి మాత్రకు మారితే ప్రాణం మీదికి రావచ్చు. లేబుల్ మీది మిల్లీగ్రాములు ఒకటే అయినంత మాత్రాన రెండు మాత్రలు ఒకటి కావని లోకం గట్టిగా నేర్చుకున్న కాలం అది.

యంత్రం ద్రావణీయతను మార్చదు అన్న మాటకు ఒక షరతు ఉంది. మందు ఏ ఘనరూపంలో ఉందో అదే రూపంలో ఉన్నంతవరకే అది నిజం. రూపం మారితే ద్రావణీయతే మారిపోతుంది. హెచ్ఐవీ మందు రిటోనవిర్ 1996లో మార్కెట్లోకి వచ్చింది. 1998లో, అప్పటిదాకా ఎవరూ చూడని కొత్త స్ఫటిక రూపం క్యాప్సూళ్ళలో ప్రత్యక్షమైంది. అది మొదటి రూపం కంటే స్థిరమైనది, అందుకే తక్కువగా కరిగేది. క్యాప్సూళ్ళు కరిగే పరీక్షలో విఫలమై, వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కొంతకాలం చల్లగా నిల్వ చేయాల్సిన తయారీలతో నెట్టుకొచ్చాక, 2005లో లోపినవిర్‌తో కలిపి, చల్లదనం అక్కర్లేని మాత్రగా రిటోనవిర్ వచ్చింది. మందును కోపోవిడోన్ అనే పాలిమర్‌తో కలిపి వేడితో కరిగించి, అసలు స్ఫటికమే లేకుండా గాజులా గడ్డకట్టించి, ఆ గాజును పొడి చేసి నొక్కిన మాత్ర అది. స్ఫటికాన్ని విడగొట్టే శక్తి ఖర్చు లేనందువల్ల అస్ఫటిక రూపం ఎక్కువగా కరుగుతుంది. అది తిరిగి స్ఫటికంగా మారకుండా ఆపే కాపలా పాలిమర్‌ది. ఇటువంటి పదార్థాన్ని నొక్కేటప్పుడు మాత్రం యంత్రం అమాయకంగా ఉండదు. తీవ్రమైన పీడనం, రాపిడి వేడి కలిసి మందును పాలిమర్ నుంచి వేరుచేసే అవకాశం ఉంది కాబట్టి, నొక్కిన తర్వాత ఎక్స్‌రే పరీక్షతో స్ఫటికాలు తలెత్తాయేమో చూస్తారు. పాలిమర్ ఎక్కువైన ఈ మాత్రలు విడిపోకుండా జిగురు గడ్డలా మారడం ఇంకో చిక్కు. అక్కడ ఖాళీల లెక్క మామూలు మాత్రల కంటే ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఈ లెక్కకు పూర్తిగా అవతలి కొసన ఉన్నది మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్. అది నీటిలో ఎంతగా కరుగుతుందంటే మిల్లీలీటరుకు 300 మిల్లీగ్రాములైనా ఇముడుతుంది. దీన్ని రోజుకొకసారి వేసుకునే మాత్రగా చేయాలంటే కరగనివ్వకుండా ఆపడమే సమస్య. గట్టిగా నొక్కి ఆపడం కుదరదు, ఎంత సన్నని ఖాళీల్లోకైనా నీరు చివరికి చేరుతుంది. అందుకే హైప్రోమెలోజ్ వంటి పాలిమర్‌ను పెద్ద మోతాదులో కలుపుతారు. నీరు తగలగానే మాత్ర ఉపరితలం జెల్‌గా మారి ఖాళీలను మూసేస్తుంది, మందు ఆ జెల్ గుండా గంటల తరబడి వ్యాపిస్తూ బయటికి వస్తుంది. జెల్ ఏర్పడేంత గట్టిదనం వచ్చాక పీడనం ఇంకా పెంచినా, తగ్గించినా విడుదల పెద్దగా మారదు. ఈ రకం మాత్రను నూరితే గానీ నమిలితే గానీ జెల్‌కు ఆధారమే పోయి, రోజంతటి మోతాదు ఒకేసారి కరిగిపోతుంది. మింగలేని పెద్దలకు ఇంట్లోవాళ్ళు ప్రేమతో మాత్రను నూరి ఇచ్చేముందు, స్ట్రిప్పు మీద, మందు మెల్లగా విడుదలవుతుందని తెలిపే ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ అన్న అక్షరాలు ఉన్నాయేమో చూసి, ఉంటే డాక్టరును గానీ ఫార్మసిస్టును గానీ అడగాలి. మందంతా బయటికి వెళ్ళిపోయాక మిగిలిన పాలిమర్ గుల్ల కొన్నిసార్లు మాత్ర ఆకారంలోనే మెత్తని ముద్దగా మలంలో కనిపిస్తుంది. అది చూసి మాత్ర కరగలేదని, మందు ఒంటికి పట్టలేదని కంగారుపడి ఇంకోటి వేసుకోకూడదు.